ఐదో ఫౌల్

ఆ వేసవి మా ఊరికి ఒక్కటే పిచ్చి పట్టింది. నిచ్చెన గొప్పదా, సూది గొప్పదా?

నిచ్చెనంటే గోడకి ఆనించేది కాదు, సూదంటే బట్టలు కుట్టేది కాదు. ఇద్దరూ ఒకప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిన ఆడవాళ్ళు. నిచ్చెన పాత తరం మనిషి. రింగు కింద నిలబడి చేతులెత్తిందంటే ఎదుటి జట్టు పిల్లలకి ఆకాశం కనపడేది కాదట. సూది ఆ తర్వాత పదేళ్ళకి వచ్చింది. పొట్టిది. ఇద్దరు మనుషుల మధ్య కాస్త సందు దొరికితే చాలు, బంతితో సహా అవతల తేలేది. ఆ సూది మా అమ్మ.

పాత సిమెంటు కోర్టు తవ్వేసి, పైకప్పున్న కొత్త హాలు కడుతున్నారు. లోపలికి రాగానే ఎదురుగోడ మీద ఊళ్ళో అందరికన్నా గొప్పగా ఆడిన ఆడమనిషి ఫొటో ఒకటి, నిలువెత్తుది, పెట్టాలని ఆటల సంఘం తీర్మానం చేసింది. ఒకే ఒక్క ఫొటో. ఇద్దరివీ పెడితే మీ సొమ్మేం పోయిందని నేను సంఘం ప్రెసిడెంటునే అడిగాను. “ఇద్దరివీ పెడితే గొప్ప ఎవరో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నాడు. అలాంటి తెలివికి జవాబుండదు.

కోర్టు ఎదురుగా మా మావయ్యకి సైకిళ్ళ కొట్టుంది. అమ్మకి తమ్ముడాయన. సాయంత్రమైతే పాత ఆటగాళ్ళంతా అక్కడే చేరేవాళ్ళు. పంక్చరు వేసే చెయ్యి ఆగేది గానీ మావయ్య నోరు ఆగేది కాదు.

“నిచ్చెన కాలంలో ఎదురు ఆడిందెవరు బాబూ? సగం మంది ఆఫీసు చెప్పుల్తో వచ్చినవాళ్ళే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం.”

“అలా అనకు. ఆ బంతి తోలుది. వాన పడితే గుమ్మడికాయంత బరువెక్కేది. నీ సూదిని దాంతో ఆడమను చూద్దాం.”

“మరి నిచ్చెనని మా అక్క కాలంలో ఆడమను. మూడు పాయింట్ల గీత వచ్చింది, ఆట గీత దగ్గరికి జరిగింది. రింగు కిందే కాపురం పెట్టినావిడ ఏం చేసేది? ఇల్లు ఖాళీ చెయ్యాలి.”

“ఎవరి కాలం వాళ్ళదయ్యా,” అనేవాడు మధ్యలో ఒక పెద్దాయన, రోజూ.

“అలాగైతే ఇక మాట్లాడుకోడానికేముంది?” అని మావయ్య ఆయన మీద పడేవాడు.

నేను ఆటల జట్లకి యూనిఫారాలు కుడతాను, వీపు మీద అంకెలు అతికిస్తాను. అంతకు మించి ఆటకీ నాకూ సంబంధం లేదు. సూది కడుపున దబ్బనం పుట్టిందని చిన్నప్పుడు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ వేసవి నా కుట్టుమిషను వ్యానులో వేసుకుని పుట్టింటికి వచ్చేశాను, అమ్మ దగ్గర ఉండాలని. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి, వానలు చూడకపోవచ్చు అని డాక్టరు నాన్ననీ నన్నూ వరండాలోకి పిలిచి చెప్పాడు. అమ్మకి చెప్పలేదు. అమ్మకి చెప్పక్కర్లేదు కూడా. మంచం పక్కన నిలబడ్డ ఆక్సిజన్ సిలిండర్‌ని చూసి, “వీడు నాకంటే పొడుగున్నాడు, నన్నే గార్డు చేస్తున్నాడు” అని నవ్వేది.

ఒక మధ్యాహ్నం మంచం మీద దుప్పట్లు మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుని దాపరికం లేకుండా అనేసింది.

“ఆ ఫొటో నాకు కావాలే.”

“వస్తుందిలే అమ్మా.”

“ఊరికే ఊరడించకు. సిగ్గులేని ముండ అనుకున్నా సరే. పోయేలోపు ఆ గోడ మీద నన్ను నేను చూసుకోవాలి. ఇంకేమీ అడగను మిమ్మల్ని.”

అమ్మ తన కోసం ఒకటి కావాలని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు నుంచి నాకూ ఆ గోడే లోకమైంది.

చిక్కల్లా ఎక్కడంటే, ఎవరు గొప్పో తేల్చే కమిటీకి పెద్ద మా నాన్న.

నాన్న బడిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అంతకన్నా ముఖ్యంగా రిఫరీ. ఆయన విజిల్ ఊదితే రెండు జట్లూ తల వంచేవి. పక్షపాతం అన్న మాట తన మీద పడుతుందేమోనని ఆయనకి ప్రాణభయం కన్నా ఎక్కువ భయం. సొంత చెల్లెలి పెళ్ళిలో కుర్చీలాట ఆడించి, పెళ్ళికూతుర్నే మొదట అవుట్ చేసిన మనిషి. మా మేనత్త ఇప్పటికీ అది తలుచుకుని తిడుతుంది.

ఇక ఆ ఫైనలు. నిచ్చెనకి అది ఆఖరి ఏడు, అమ్మకి పేరు మోగుతున్న ఏడు. రెండు తరాలు ఎదురుపడింది ఆ ఒక్కసారే. రావలసిన రిఫరీ రాలేదు. నిచ్చెన జట్టువాళ్ళే, “సార్ ఊదితే మాకేం భయం లేదు, పెళ్ళాం అయినా సరే” అని నాన్నని లాక్కొచ్చారు. అమ్మానాన్నలకి పెళ్ళై ఏడాది కూడా కాలేదు. ఆఖరి నిమిషం, అమ్మ జట్టు ఒక్క పాయింటు ముందుంది. నిచ్చెన బంతి ఎత్తింది, అమ్మ అడ్డుపడింది, నాన్న విజిల్ ఊదాడు. అమ్మకి అది ఐదో ఫౌల్. ఐదు ఫౌళ్ళయితే బయటికి వెళ్ళిపోవాలి. అమ్మ బయటికి వెళ్ళింది, నిచ్చెన రెండు ఫ్రీ త్రోలూ వేసింది, కప్పు తీసుకుంది. అమ్మకి మళ్ళీ ఫైనలు దాకా వెళ్ళే రాత లేకపోయింది.

అది ఫౌలా కాదా అని మావయ్య కొట్టు దగ్గర ఇప్పటికీ తెగలేదు. మా ఇంట్లో మాత్రం ఆ మాటే ఎత్తేవాళ్ళు కాదు. నాన్న ఆ తర్వాత అమ్మ ఆడే ఆటకి విజిల్ పట్టలేదు. పొద్దున్నే లేచి టీ పెట్టడం, అంట్లు తోమడం, ఉతికిన బట్టలు ఆరెయ్యడం అన్నీ ఆయనే. మంచి మొగుడు దొరికాడని మా వీధి ఆడవాళ్ళు అమ్మని చూసి కుళ్ళుకునేవాళ్ళు. అమ్మ మంచం మీద కూర్చుని, “రిఫరీ గారూ, టీలో పంచదార తక్కువైంది” అంటే నాన్న పరుగెత్తుకొచ్చేవాడు. నేను అదంతా ప్రేమ అనుకుంటూ పెరిగాను. ప్రేమే. కానీ దాని అడుగున ఇంకొకటి కూడా ఉందని ఆ వేసవిలో తెలిసింది.

నాన్న అమ్మని వదిలి వెళ్ళనన్నాడని కమిటీ మా ఇంటి ముందుగదిలోనే కూర్చుంది. నాన్న కాక ఇద్దరు. ఒకావిడ ఆడపిల్లల బడిలో డ్రిల్లు నేర్పిన టీచరమ్మ. రెండో ఆయన పళ్ళ డాక్టరు, ఒకప్పటి మగవాళ్ళ జట్టు కెప్టెను. మధ్యగదిలో నేను అంకెలు కుడుతున్నాను. లోపలి గదిలో అమ్మ.

“ఆ మిషను ఆపవే, ఒక్క ముక్క వినపడి చావట్లేదు,” అంది అమ్మ లోపల్నుంచి. ఆపేశాను.

“ఇద్దరికీ బంతి పట్టడం నేర్పింది నేనే,” అంటోంది టీచరమ్మ. “నిచ్చెనకి పొడుగు దేవుడిచ్చాడు. సూదికి దేవుడేమీ ఇవ్వలేదు, అంతా చెమటోడ్చి తెచ్చుకుంది. కాలాలు వేరైనప్పుడు ఆటని ఎవరు మార్చారో చూడాలి. సూది వచ్చాకే మన పిల్లలు పాస్ ఇవ్వడం నేర్చుకున్నారు. నా ఓటు సూదికి.”

“కాదన్నానా? కానీ కప్పేదండీ?” అన్నాడు పళ్ళ డాక్టరు. “రేపు చిన్నపిల్లలు ఆ ఫొటో చూసి, ఈవిడ ఏం గెలిచిందని అడిగితే ఏం చెప్తాం? పెద్ద ఆటలో, ఆఖరి నిమిషంలో ఐదో ఫౌల్ చేసి బయటికెళ్ళింది. ఆ ఫౌల్ ఇచ్చింది కూడా పరాయివాళ్ళు కాదు కదా…” అని ఆగిపోయాడు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. “నా ఇంటి మనిషి సంగతి. నేనుండకూడదు,” అంటూ నాన్న నా గదిలోంచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. వెనకే వెళ్ళాను. గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగకుండా నిలబడి ఉన్నాడు.

“ఇటొకటి అటొకటి అయింది నాన్నా. మీ ఓటే మిగిలింది.”

“పెళ్ళానికి వేసుకున్నాడంటారు.”

“అననివ్వండి! అమ్మ వింటోంది అవతల.”

“పళ్ళ డాక్టరు పైకి అలా అంటాడు గానీ చివరికి ఇటే వస్తాడు తల్లీ. ఆట తెలిసినవాడు.” గ్లాసు కింద పెట్టాడు. గోడవైపు చూస్తూ చాలా మెల్లిగా అన్నాడు. “అది ఫౌల్ కాదు.”

నాకు మొదట అర్థం కాలేదు.

“నేను వెనకనున్నాను. చప్పుడు విన్నాను, చెయ్యి చూడలేదు. వేరే ఎవరైనా అయితే ఊదేవాణ్ణి కాదేమో. తను నా భార్య. ఊదకపోతే ఏమంటారోనని ఊదేశాను. మీ అమ్మ సంగతి నీకు తెలుసు, ప్రతి ఫౌలుకీ నా మీద అరిచేది. ఆ రోజు ఒక్క మాట అనలేదు. నా వైపు ఒక్క చూపు చూసి, బంతి కింద పెట్టి వెళ్ళిపోయింది. ఆ చూపు చాలదా?”

“అయితే వెళ్ళి అదే చెప్పండి నాన్నా. ఇప్పుడే.”

“ఇప్పుడు చెప్తే ఓటు కోసం చెప్పాననుకుంటారు.”

తలుపు చెక్కకి నా తలేసి కొట్టుకోవాలనిపించింది. ముందుగదిలో పళ్ళ డాక్టరు ఇటు రాలేదు, ఓటు నిచ్చెనకే వేశాడు. నాన్న ఎవరికీ వెయ్యలేదు. ఓట్లు సమానమైతే కప్పున్నవాళ్ళకే అని సంఘం నిబంధన. ఆ నిబంధన పెట్టించింది కూడా మా నాన్నే, ఎప్పుడో, ఎవరికీ అన్యాయం జరగకూడదని.

వాళ్ళు వెళ్ళాక అమ్మ దగ్గరికి వెళ్ళాను. విననట్టే అడిగింది.

“ఎవరట?”

“నిచ్చెన.”

“మంచిదే. పొడుగు మనిషి, గోడ నిండుగా ఉంటుంది.” నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అటు తిరిగి పడుకుంది. సాయంత్రం నాన్న పళ్ళెం తెచ్చి పక్కన కూర్చున్నాడు. ఆకలి లేదంది. ఆయన ఆ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు, చల్లారిపోయేదాకా.

నాకూ నాన్నకీ వారం రోజులు మాటల్లేవు. ఒక పొద్దున అమ్మకి తల దువ్వుతూ ఉక్రోషం ఆపుకోలేక అనేశాను. “ఆ రోజూ నీకు అన్యాయం చేశాడు, ఇవాళా చేశాడు. నువ్వెలా భరించావమ్మా ఆయన్ని?”

“ఆ రోజేం చెయ్యలేదే,” అంది అమ్మ.

“ఫౌల్ కాకపోయినా ఊదాడట. తనే చెప్పాడు వంటింట్లో.”

అమ్మ తల తిప్పింది. దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. “ఫౌల్ కాదన్నాడా?”

“నువ్వు చూసిన చూపుతో తెలిసిపోయిందట.”

“పిచ్చి మనిషి,” అంది. కాసేపు ఊపిరి కూడగట్టుకుంది. “తగిలిందే. ఆవిడ మోచేతి కింద నా చెయ్యి గట్టిగా తగిలింది. కావాలని కొట్టలేదు గానీ, తగిలింది. తప్పు లేనప్పుడు అరుస్తాను. తప్పున్నప్పుడు అరవడానికి నోరెలా వస్తుంది? అందుకే ఊరుకున్నాను. ఆ చూపంటావా, వెనకనుంచి ఇంత బాగా ఎలా పట్టుకున్నాడురా వీడు అని చూశాను.”

నేను మంచం మీద కూలబడ్డాను. “మరి ఎందుకు చెప్పలేదు ఆయనకి?”

“మొదట ఉడుకుమోత్తనం. కప్పు పోయిందని. నాలుగు రోజులు మాట్లాడకపోతే పొద్దున్నే టీ పెట్టి తెచ్చాడు. సరే, ఇదేదో బాగుందనుకున్నాను. అంట్లు తోమాడు, ఇంకా బాగుందనుకున్నాను. ఆయన మనసులో ఇంత ముల్లుందని నాకేం తెలుసే? ఊరికే బతిమాలుకుంటున్నాడనుకున్నాను. అలా అలా ఒక జన్మ గడిచిపోయింది.” కళ్ళు తుడుచుకుంది. “ఆయన జీవితంలో అంత కచ్చితంగా ఊదిన విజిల్ ఇంకోటి లేదు. దాన్నే తప్పనుకుని మోస్తున్నాడు.”

“నేను చెప్తాను.”

“నువ్వు చెప్పకు. నేను చెప్పాలి. నేను పోయాక కూడా ఆయన దాన్ని మొయ్యకూడదు.”

కానీ చెప్పలేదు. రోజూ రేపనేది. చెప్పాలని పిలిచేది, ఆయన చేతిలో మందులతో వచ్చి నిలబడేసరికి, “ఏం లేదు, కిటికీ తెరవండి” అనేది. ఆ మొహం చూస్తే నోరు రావట్లేదే, ఇన్నేళ్ళూ ఎందుకు దాచావంటే ఏం చెప్పను, అని నాతో అనేది. హాలు ప్రారంభం రోజు పొద్దున తనే గట్టిగా నిర్ణయించుకుంది. “ఇవాళ నిచ్చెనని కళ్ళారా చూసి, ఇంటికొచ్చి చెప్పేస్తాను. చక్రాల కుర్చీ తెప్పించు.”

హాలంతా కొత్త వార్నిషు వాసన. చెక్క నేల మీద బూట్లు కీచుమంటుంటే చిన్నపిల్లలు కావాలని ఇంకా కీచుమనిపిస్తున్నారు. ఎదురుగోడ మీద ఫొటోకి గుడ్డ కప్పి ఉంది. ముందు వరసలో నిచ్చెన, చేతిలో పూలగుత్తి. ఆమెని నేను దగ్గరగా చూడటం అదే మొదలు. కూర్చున్నా పక్కవాళ్ళు నిలబడ్డంత ఉంది. అమ్మని చూసి చెయ్యెత్తి ఊపింది. అమ్మ కూడా ఊపింది, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. ఒకే ఒక్కసారి ఎదురుపడ్డ మనుషులు, చిన్ననాటి స్నేహితుల్లా నవ్వుకున్నారు.

కమిటీ పెద్దగా రెండు మాటలు చెప్పమని నాన్నని పిలిచారు. ఆయన వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

“రిఫరీ ఒకసారి ఊదాక వెనక్కి తీసుకోడు,” అన్నాడు. “నేనెప్పుడూ తీసుకోలేదు. ఇవాళ తీసుకుంటున్నాను. ఆ ఫైనల్లో ఐదో ఫౌల్, ఫౌల్ కాదు. ఆ అమ్మాయి నా భార్య. పక్షపాతం అంటారని భయపడి ఊదాను. కప్పు నా భయం వల్ల అటు వెళ్ళింది. నేను చూసిన అన్ని తరాల్లోనూ ఆమెని మించి ఆడిన మనిషి లేదు. ఓటు వెయ్యాల్సిన రోజున నోరు విప్పలేదు. ఇప్పుడు నా మాట లెక్కలోకి రాదు కాబట్టి చెప్తున్నాను.”

అంతే చెప్పి దిగిపోయాడు. ఎక్కడో మావయ్య చప్పట్లు మొదలుపెట్టాడు. కొందరు కలిశారు, కొందరు నిచ్చెన వైపు చూసి ఆగిపోయారు. ప్రెసిడెంటు కంగారులో గుడ్డ లాగేశాడు. ఫొటోలో నిచ్చెన కప్పు ఎత్తి పట్టుకుని నవ్వుతోంది. చప్పట్లు దేనికో ఎవరికీ తెలియలేదు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకి లేవబోయింది. నోరు తెరిచింది. ఊపిరి చాల్లేదో, మాట చాల్లేదో, మళ్ళీ వెనక్కి వాలిపోయింది. నిచ్చెన లేచింది. పూలగుత్తి కుర్చీలో పెట్టింది. నడిచి బయటికి వెళ్ళిపోయింది. ఆమెకోసం జరిగిన సభ అది. మా నాన్న, ఒక చీమకి కూడా అన్యాయం చెయ్యనని బతికిన మనిషి, ఆమెని ఆమె పండగ రోజునే అందరి ముందూ దొంగని చేశాడు. నాకు సిగ్గేసింది. ఆయన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది.

ఇంటికొచ్చాక నాన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు, చిన్నపిల్లాడిలా. “చెప్పేశానోయ్. ఇన్నాళ్ళు పట్టింది.”

అమ్మ ఆయన తల మీద చెయ్యి వేసింది. “బాగా చెప్పారు,” అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. నా వైపు చూడలేదు.

మర్నాడు నేనే అడిగాను. “ఇంకెప్పుడు చెప్తావమ్మా?”

“ఇంకేం చెప్తానే? నాకోసం అంతమందిలో పరువు తీసుకున్నాడు. అది కూడా తప్పేనంటే ఆ మనిషి ఏమైపోతాడు? ఆయనకి మిగిలింది ఆ ఒక్క మాటే.” దుప్పటి పైకి లాక్కుంది. “నిచ్చెన ఏమనుకుందో పాపం. ఆవిడకి తెలుసు తగిలిందని. చెయ్యి ఆవిడదే కదా.”

ఆ తర్వాత అమ్మ ఎక్కువ రోజులు లేదు. డాక్టరు చెప్పినట్టే వానలు చూడలేదు. నాన్న టీ పెట్టి తెచ్చేసరికి అమ్మ చెయ్యి మంచం మీదనుంచి జారి ఉంది. ఆయన కప్పు కిటికీలో పెట్టి, ఆ చేతిని మంచం మీదికి ఎత్తి, నన్ను పిలిచాడు. పేరుపెట్టి కూడా కాదు, “అమ్మాయ్” అని మాత్రమే. ఆ గొంతులోనే నాకు తెలిసిపోయింది.

చనిపోయినవాళ్ళతో ఎవరూ వాదించరు. పది రోజులు తిరక్కుండానే సంఘం నిచ్చెన ఫొటో దించేసి అమ్మ ఫొటో పెట్టింది. మావయ్య వచ్చి చెప్పాడు గానీ, గెలిచిన మొహం లేదు. “గెలిచి ఎవరితో చెప్పుకోనే?” అని నా గదిలో కూర్చుని ఏడ్చాడు. అమ్మ కోరింది ఒక్కటే, ఆ గోడ మీద తనని తాను చూసుకోవాలని. గోడ మీదికెక్కింది, చూసుకోలేదు.

మొదటి వాన పడ్డ రోజు నిచ్చెన మా ఇంటికి వచ్చింది. గొడుగు మడిచి, గుమ్మంలో తల వంచి లోపలికి అడుగుపెట్టింది. నాన్న లేచి నిలబడ్డాడు. ఇప్పుడు ఈవిడ చెప్పేస్తే? చెప్పే హక్కు ఆవిడకుంది. ఫొటో పోయింది, పేరు పోయింది, ఆవిడ ఎందుకు ఊరుకోవాలి?

“కూర్చోమ్మా,” అన్నాడు నాన్న. “నీ సభలో నిన్ను చిన్నబుచ్చాను. నువ్వు తిట్టినా పడతాను.”

“తిట్టడానికి రాలేదు సార్. ఆమె పోయిందని తెలిసి కూడా ఇన్ని రోజులు రాలేకపోయాను. వానలో ఎవరూ చూడరని ఇవాళ ధైర్యమొచ్చింది.”

నాన్న చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి.

“ఒక్కటి అడుగుతాను,” అన్నాడు. “ఆమె పోయాక నాకు నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ ఆటే. ఒకసారి తగిలినట్టుంటుంది, ఒకసారి తగలనట్టుంటుంది. తగిలుంటే, నీకు చేసింది మహా పాపం. అడగాలంటే ఇంకెవరూ లేరు. నువ్వు చెప్పమ్మా. ఆ రోజు నీ చేతికి తగిలిందా?”

నిచ్చెన ఆయన వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనపడిందో నాకు తెలియదు. నేను మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేశాను, చేతులు కదపకుండా.

“లేదు సార్,” అంది. “తగల్లేదు.”

నాన్న తల వంచుకుని ఏడ్చాడు. అమ్మ పోయిన రోజు కూడా ఏడవని మనిషి, గట్టిగా, వెక్కుతూ ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, “టీ పెట్టి తెస్తాను, ఉండమ్మా” అని లోపలికి వెళ్ళాడు.

ఆమె వెళ్ళేటప్పుడు గేటు దాకా గొడుగులో కలిసి నడిచాను. నా తల ఆమె భుజం దాకా కూడా రాలేదు.

“మీ అమ్మ చెప్పిందా నీకు?” అంది.

“చెప్పింది పెద్దమ్మా.”

“ఎక్కడ తగిలిందంది?”

“మోచెయ్యి కింద.”

“అబద్ధాలకోరు. మణికట్టు మీద. వారం రోజులు వాచి ఉంది.” నవ్వింది, కళ్ళలో నీళ్ళతోనే. “పొట్టి మనిషే గానీ, ఏం దెబ్బ!”

“మరెందుకు అలా చెప్పారు? మీకు ఉన్నదొక్క కప్పు…”

“ఆ కప్పులో స్పూన్లు పెట్టుకుంటున్నానే నేను. దాన్లోంచి నీళ్ళు కారతాయి కూడా.” గొడుగు నా చేతిలోంచి తీసుకుంది. “వెళ్ళు, తడిసిపోతున్నావు. ఆయన ఒక్కడే ఉన్నాడు లోపల.”

ఆ తర్వాత నేను మావయ్య కొట్టు మీదుగా వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు పిలిచి అడుగుతారు, ఇన్ని తరాల్లో అందరికన్నా గొప్ప ఎవరమ్మా అని. నిచ్చెన అంటాను. సూది కూతురివై ఉండి ఇదేం మాటే అని మావయ్య గయ్యిమంటాడు, మిగతావాళ్ళు కారణం చెప్పమంటారు. నేను కారణం చెప్పను. తిట్టించుకుని ఇంటికి వచ్చేస్తాను.